బుజ్జికి, ఒక దుప్పటి సంచీతో

తెనాలి,
ఆగస్టు 24.

చి. బుజ్జికి,

పెద్దత్త ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ మామయ్య మోకాలి నొప్పి మామూలే, ఆయన మాట వినకపోవడమూ మామూలే.

ఆదివారం నువ్వు పంపిన వాయిస్ మెసేజీ నాలుగుసార్లు విన్నాను. మొదటిసారి బాగా నవ్వాను. లాడ్జి ఫొటోలో కిటికీ అవతల కొండ కనపడిందనీ, తీరా వెళ్ళి కిటికీ తీస్తే జనరేటరు కనపడిందనీ నువ్వు చెప్పే తీరుకి మామయ్య కూడా పేపరు పక్కన పెట్టి నవ్వారు. గుంతకల్లు దాకా రైలు బాగానే వచ్చి అక్కణ్ణించి నత్తనడక నడిచిందన్నావు. ఆదోనిలో దిగేసరికి పదిన్నర, తెచ్చుకున్న పులిహోర పులిసిపోయింది, పక్క చెమ్మగా ఉంది, బాత్రూము తలుపుకి గడియ బదులు తాడు. అన్నీ కథ చెప్పినట్టు చెప్పావు. మీ నాయనమ్మ పోలిక నీకు. ఆవిడా అంతే, ఏడవాల్సిన సంగతి నవ్విస్తూ చెప్పేది.

రెండోసారి విన్నప్పుడు మాత్రం ఒకచోట ఆగిపోయాను. ‘అర్ధరాత్రి ఆ అబ్బాయిని లేపడం ఎందుకులే అనిపించింది అత్తా, కుర్చీలోనే కూర్చుని తెల్లవారించేశాను’ అన్నావు చూడు, అక్కడ. ఒంటిగంట నుంచి అయిదింటి దాకా ప్లాస్టిక్ కుర్చీలో, కాళ్ళు సూట్‌కేసు మీద పెట్టుకుని, నాలుగు శాతం చార్జి ఉన్న ఫోను పట్టుకుని. నాలుగు గంటలు! డబ్బు కట్టింది నువ్వు. ఆ కుర్రాడు లాడ్జి బల్ల దగ్గర పడుకున్నది ఎవరైనా లేపితే లేవడానికే గదుటే. నిద్రపోవడానికి వాడికి జీతం ఇవ్వడం లేదు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. ముంజేతి మీద వరసగా మూడు దద్దుర్లు. దోమ అయితే అలా వరస కట్టదు, నల్లే. ఇక నల్లి సంగతి తీశాను కాబట్టి చెప్పేది పూర్తిగా విను. విసుక్కోకు. మా తమ్ముడి కూతురివి, విసుగు నీ రక్తంలోనే ఉందనుకో, అయినా విను.

గదిలో అడుగు పెట్టగానే సూట్‌కేసు మంచం మీద పడెయ్యకు. నేల మీద కూడా పెట్టకు. తిన్నగా తీసుకెళ్ళి బాత్రూములో పొడిగా ఉన్నచోట పెట్టు. అక్కడ పలకలు నున్నగా ఉంటాయి, నల్లికి దాక్కునే సందు తక్కువ. తర్వాత ఫోనులో లైటు వేసుకుని దుప్పటి నాలుగు మూలలా ఎత్తు. పరుపు కుట్టు ఉంటుంది చూడు, అంచు చుట్టూ తాడులా లావుగా, అదీ వాటి కాపురం. ఆ కుట్టు వెంబడి ఇంకు పెన్నుతో చుక్కలు పెట్టినట్టు నల్లటి మచ్చలు కనపడ్డాయా, ఇంక పురుగు కోసం వెతకక్కర్లేదు. అవి దాని రెట్టలు. పురుగు పగలు కనపడదు. మంచం తలవైపు చెక్క వెనక, కోళ్ళు బిగించిన చోట, గోడకి మేకు కొట్టిన కన్నంలో, ప్లగ్గు బోర్డు వెనక కూర్చుంటుంది. ఎర్రగా, చదునుగా, కందిబద్ద అంత ఉంటుంది. నెత్తురు తాగాక ఉబ్బుతుంది. ఎగరదు, గెంతదు, నడిచే వస్తుంది. తిండి లేకుండా నెలల తరబడి బతుకుతుంది కూడా, అందుకే ‘ఈ గది రెండు నెలలుగా ఖాళీగానే ఉందమ్మా’ అంటే నమ్మి మురిసిపోకు. ఎప్పుడెప్పుడు మనిషొస్తాడా అని అది కాచుక్కూచుంటుంది.

కనపడిందా, గది మార్చమను. పక్క గది వద్దను. పక్క గదికీ పై గదికీ అవి గోడల్లోంచీ పైపుల వెంబడీ పోతాయి. దూరంగా, వేరే అంతస్తులో ఇవ్వమను.

దీనివల్ల జబ్బులు అంటుకోవని డాక్టర్లు చెబుతారు, నిజమే. దోమలాంటిది కాదు. అందుకే ఎవరూ పట్టించుకోరు. జబ్బు రాదు కాబట్టి ఫర్వాలేదు అన్నవాణ్ణి ఒక్క రాత్రి ఆ పరుపు మీద పడుకోమనాలి.

మా చిన్నప్పుడు నల్లి లేని ఇల్లే లేదమ్మడూ. సినిమాకి వెళ్తే నేలటిక్కెట్టులో ఇసక మీద కూర్చున్నవాళ్ళే హాయిగా చూసేవారు, డబ్బు పెట్టి కుర్చీ కొన్నవాళ్ళు సగం సినిమా గోక్కోవడంతోనే సరి. రైల్లో మూడో తరగతి చెక్కబల్లల సందుల్లో అవే. వేసవిలో ఆదివారం పొద్దున్నే మీ నాయనమ్మ మంచాలన్నీ పెరట్లోకి ఈడ్పించేది. పెద్ద డేగిసాలో నీళ్ళు తెర్ల కాగబెట్టి కోళ్ళ కీళ్ళలో పోసేది. మీ నాన్నకి అప్పుడు నాలుగేళ్ళుంటాయి, చచ్చిన నల్లులు లెక్కపెట్టి అగ్గిపెట్టెలో దాచుకున్నాడు. అమ్మ చూసి వీపు విమానం మోత మోగించింది. నల్లి చస్తే వచ్చే వాసన నీకు తెలియదు కదూ, మురిగిన కొత్తిమీర కట్టలా ఉంటుంది. నాకు ఇప్పటికీ బజారులో కొత్తిమీర కొనేటప్పుడు ఒక్క క్షణం ఆ పెరడు గుర్తొస్తుంది. మలేరియా వాళ్ళు వచ్చి ఇల్లిల్లూ డి.డి.టి. కొట్టి గోడ మీద తేదీ రాసి పోయేవారు. మొదట్లో నల్లులూ చచ్చాయి. తర్వాత్తర్వాత దానికీ అలవాటు పడ్డాయి. మందుకి అలవాటు పడిన జీవాన్ని ఏం చేస్తాం?

ఎక్కడికో పోయాను. కుర్చీ దగ్గర ఉన్నాం.

నీకు ఒక సంగతి ఎప్పుడూ చెప్పలేదు. మీ నాన్నకే తెలియదు. 1978 వేసవిలో నన్ను దివిసీమ వైపు ఆడిట్ క్యాంపు వేశారు. అంతకు ముందు నవంబరు 19న ఉప్పెన వచ్చింది కదా. సమితి లెక్కలు చూడాలి. అవనిగడ్డలో ఉండడానికి చోటు లేదు, ఉన్నవన్నీ సహాయానికి వచ్చినవాళ్ళతో నిండిపోయాయి. బందరులో దిగి రోజూ బస్సులో వెళ్ళి రమ్మన్నారు. నాతో రావలసిన సీనియరాయన రెండు రోజులు ఆలస్యంగా వస్తానన్నాడు. నాకు ఇరవై అయిదేళ్ళు. ఒక రేకు పెట్టె, ఒక చెంబు.

బస్టాండు దగ్గర లాడ్జికి వెళ్తే మేనేజరు నా వెనక వీధిలోకి చూశాడు. ‘ఇంకా ఎవరమ్మా వచ్చేది?’ అన్నాడు. ఎవరూ లేరన్నాను. ఒంటి ఆడకూతురికి గది ఇవ్వం అన్నాడు. మొదటి లాడ్జి అలా పోయింది, రెండోదీ పోయింది. మూడో చోట గుండ్రటి సీలు ఉన్న టూరు ఆర్డరు తీసి బల్ల మీద పెట్టాను. అతను సీలు మీద వేలు పెట్టి రుద్ది చూశాడు, రంగు అంటుతుందేమోనని కాబోలు. చివరికి తను కూర్చునే బల్లకి ఎదురుగా ఉన్న గది ఇచ్చాడు. ‘మా కళ్ళ ముందు ఉంటారు’ అన్నాడు. మంచివాడే. ఏడు రూపాయలు అద్దె.

కొబ్బరి పీచు పరుపు. పదకొండింటికి కరెంటు పోయింది, పావుగంటకి మొదలయ్యాయి. అగ్గిపుల్ల గీసి చూస్తే దిండు మీద బారు తీరి వస్తున్నాయి. లేచి పెట్టె గోడకి చేర్చి దాని మీద కూర్చున్నాను. తలుపు అవతల ఆరడుగుల దూరంలో బెంచీ మీద మేనేజరు గురక వినపడుతూనే ఉంది. తలుపు తీసి ఏమండీ అంటే చాలు. అనలేదు. గది ఇవ్వడమే గొప్ప, ఇంకా వంకలు పెడితే పొద్దున్నే ఖాళీ చెయ్యమంటాడేమో అని భయం. అది పైకి అనుకున్న కారణం. అసలు కారణం మొహమాటం. పరాయి మగవాణ్ణి అర్ధరాత్రి నిద్రలేపి నల్లులు కుడుతున్నాయండీ అని చెప్పడానికి సిగ్గేసింది. నాలుగైదు అగ్గిపుల్లలతో, తెల్లవార్లూ.

పొద్దున్న అతను టీ తెప్పించి ఇచ్చి, ‘నిద్ర పట్టిందా అమ్మా?’ అని అడిగాడు. నేనేమన్నానో తెలుసా? ‘ఆ, బాగా పట్టిందండీ.’

ఆ రోజే నాకు ఆఫీసు వాళ్ళు వేరే వసతి చూశారు. పెట్టె తీసుకెళ్ళడానికి సాయంత్రం లాడ్జికి వచ్చేసరికి నా గదిలో ఎవరో పొగాకు వ్యాపారి దిగాడు. నేను చూస్తూ ఉండగానే ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బయటికొచ్చి, ‘ఇది గదా, నల్లుల సంతా?’ అని ఒక్క కేక పెట్టాడు. మేనేజరు మారుమాట లేకుండా సొరుగులోంచి పై అంతస్తు తాళం తీసి ఇచ్చాడు. సొరుగులోనే ఉంది తాళం! నేను పెట్టె మీద కూర్చున్న రాత్రంతా అక్కడే ఉంది.

ఇదంతా మీ తాతయ్యకి కార్డు మీద రాశాను. ఏదో తేలిక కోసం, నీలాగే నవ్వుతూ రాశాను. నాలుగో రోజుకి జవాబు వచ్చింది. రెండే వాక్యాలు. అక్కడ జనం ఇళ్ళూ పిల్లలూ పోగొట్టుకుని ఉంటే నీకు నల్లులు కుట్టాయా అని ఒకటి, ఆరోగ్యం జాగ్రత్త అని ఒకటి. ఆ రోజు బస్సులో మోపిదేవి దాటి పోతుంటే తలలు విరిగిన కొబ్బరిచెట్లు, కొత్తగా వేస్తున్న కాలనీల పునాదులు కనపడ్డాయి, నిజమేగా అనుకున్నాను. సిగ్గుపడ్డాను. తర్వాత ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో క్యాంపులో ఏం జరిగినా ఇంట్లో చెప్పలేదు. మార్కాపురంలో కప్పు కారి ఫైళ్ళు తడిసినా, ఒకచోట అర్ధరాత్రి తాగుబోతు తలుపు బాదినా చెప్పలేదు. లోకంలో పెద్ద కష్టం ఉన్నప్పుడు చిన్న కష్టం నోరెత్తకూడదని ఆ కార్డు నాకు నేర్పింది. తప్పు నేర్పింది తల్లీ. ఉప్పెన బాధితుల కష్టం నేను పరుపు మీద పడుకుంటే పెరగదు, పెట్టె మీద కూర్చుంటే తరగదు.

తాతయ్యని తప్పు పట్టకు. ఆయన రాసింది అలా. చేసింది వేరు. ఆ తర్వాతి క్యాంపుకి నేను బయల్దేరిన రోజు బస్సు కదిలే వేళకి ఆయన సైకిలు మీద వచ్చి, కిటికీలోంచి ఖాకీ హోల్డాలు లోపలికి తోశారు. రైల్వేలో ఉండగా వాడుకున్న తన హోల్డాలు. లోపల నవారు చుట్ట, ఉతికిన దుప్పట్లు రెండు, ఒక ఇత్తడి తాళం కప్ప. ఒక్క మాట మాట్లాడలేదు. ‘టిక్కెట్టు తీసుకున్నావా’ అని మాత్రం అడిగారు. ఆ హోల్డాలు ఇప్పటికీ అటక మీద ఉంది, తోలు పట్టీలు ఎలకలు కొట్టేశాయి.

మా ముందు తరంవాళ్ళు ఈ విషయంలో మనకంటే తెలివైనవాళ్ళు. సత్రానికి పోతున్నామంటే చాప, చెంబు, తాళం కప్ప తమవే పట్టుకెళ్ళేవారు. సత్రంవాడు నీడ ఇస్తాడు, మిగతాది మనది అన్న లెక్క. ఇప్పుడు అన్నీ ఇస్తామని ఫొటోలు పెట్టి డబ్బు తీసుకుంటున్నారు కాబట్టి అన్నీ అడగాల్సిందే. నా ఆడిట్ బుర్ర ఊరుకోదు కనక ఇది కూడా చెబుతాను: తెల్లవాళ్ళు 1867లోనే సరాయిల చట్టం అని ఒకటి చేశారు. గదులూ వసారాలూ బావులూ శుభ్రంగా ఉంచాలి, కాపలావాళ్ళని పెట్టాలి, రేట్ల పట్టిక అందరికీ కనపడేలా తగిలించాలి అని అందులో ఉంది. నూట యాభై ఏళ్ళ పైమాట. నువ్వు అడగాల్సింది కొత్త కోరికేం కాదు.

పొద్దున్న ఆఫీసులో కూడా చెప్పలేదన్నావు. అది ఎందుకో నువ్వు చెప్పకపోయినా నాకు తెలుసు. పత్తి చేలల్లో తిరిగే పనికి ఆడపిల్లలు పనికిరారు, చూశారా, ఒక్క రాత్రి లాడ్జికే గోల పెట్టింది అంటారని. అంటారు. మా వాళ్ళూ అన్నారు. మగవాడు గది బాగాలేదంటే గదిని తప్పుపడతారు, మనం అంటే మనల్ని తప్పుపడతారు. అయినా రాతలో పెట్టు. క్యాంపు రిపోర్టు కింద ఒక్క వాక్యం: వసతి శుభ్రంగా లేదు, ఇకపై వేరేచోట ఏర్పాటు చేయగలరు. అంతే. ఏడుపు గొట్టుగా రాయకు, ‘దయచేసి’ రెండుసార్లు రాయకు. నీ తర్వాత ఆదోని వెళ్ళే పిల్ల ఆ పరుపు మీద పడుకోకుండా ఉంటుంది.

మొన్న మీ నాన్న ఫోన్ చేశాడు. నీ మెసేజీ వాడికీ పంపావట, మంచిపని చేశావు. కాకపోతే వాడు ఇంక ఈ తిరుగుడు ఉద్యోగం మానిపించేద్దాం అక్కా అంటున్నాడు. నల్లులు లెక్కపెట్టి అగ్గిపెట్టెలో దాచుకున్నవాడికి అంత భయం ఎందుకురా అని అడిగాను. నవ్వేశాడు. సంబంధాల మాట కూడా ఏదో గొణిగాడు గానీ నేను వినిపించుకోనట్టు కూరగాయలవాడు వచ్చాడని పెట్టేశాను. అది నాకు వదిలెయ్యి. నువ్వు మాత్రం వాడి మీద కోపంతో ఫోన్ ఎత్తకుండా ఉండకు, వాడికి ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదు.

నీకు నేను చెప్పడమే కాదు, ముసలితనంలో నేనూ నేర్చుకున్నాను. మాఘమాసంలో రాజమండ్రి పెళ్ళికి వెళ్తే మగపెళ్ళివారు లాడ్జిలో దింపారు. రాత్రి ఒంటిగంటకి ఫ్యాను ఆగిపోయింది. మామయ్య ‘పొద్దున్న చూద్దాం పడుకో’ అన్నారు. నేను మెట్లు దిగి వెళ్ళి బల్ల దగ్గర కుర్రాణ్ణి లేపాను. నలభై ఏళ్ళు దాటిన బాకీ తీర్చినట్టు అనిపించిందనుకో. ఆ పిల్లాడు కళ్ళు నులుముకుంటూ వచ్చి, గది బయట ఉన్న స్విచ్చి ఒకటి నొక్కాడు. ఫ్యాను తిరిగింది. ఎవరో పోతూ పోతూ భుజం తగిలించి ఆపేశారట. ‘ఇంకేమైనా కావాలా అమ్మమ్మా?’ అని అడిగాడు. నాకు అవసరం లేకపోయినా తాగే నీళ్ళు తెమ్మన్నాను. తెచ్చాడు. ఇంతే బుజ్జీ, లేపితే జరిగేది. వాడు కొంచెం మొహం ముడుచుకుంటాడు, తర్వాత లేస్తాడు. మొహం ముడిచి లేవనివాడు ఒకడు తగలచ్చు. అప్పుడు నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే. నేను ఆడిటర్లా మాట్లాడతాను.

ఈ ఉత్తరంతో పాటు పార్శిల్ వస్తుంది. అందులో ఒక సంచీ ఉంది. కూరగాయల సంచీ అనుకుని మడిచి పక్కన పెట్టేవు, అది నువ్వు పడుకోవడానికి. మంగళగిరి చీర రెండు పొరలుగా వేసి మూడు పక్కలా కుట్టాను. ఏడడుగుల పొడవు, తలవైపు దిండు దూర్చడానికి జేబు. నీ కాళ్ళు పొడుగు కదా, కొలత ఎక్కువే పెట్టాను. మిషను మీద కాదు, చేత్తో కుట్టాను, అక్కడక్కడా కుట్టు వంకర పోయింది, చూడకు. లాడ్జి పక్క మీద దీన్ని పరిచి ఇందులో దూరి పడుకో. నల్లికి గుడ్డ పెద్ద అడ్డం కాదని నాకు తెలుసు, అబద్ధం చెప్పను. కానీ రంగు లేతది, ఏది పాకినా కనపడుతుంది. వాళ్ళ చెమ్మ దుప్పటి నీ ఒంటికి తగలదు. ఇంటికి రాగానే మరిగే నీళ్ళలో వేసి తీసి ఎండలో ఆరెయ్యి. మడిస్తే నీ చున్నీ కంటే చిన్నదవుతుంది, బరువు కాదు, వద్దనకు.

చీర నాయనమ్మది. నువ్వు పుట్టినప్పుడు ఆస్పత్రిలో నిన్ను మొదట చుట్టింది ఆ చీర కొంగులోనే. ట్రంకు పెట్టెలో మడతల దగ్గర చిరుగులు పడుతుంటే దాచుకుని ఏం చేస్తాను? కోసేటప్పుడు చెయ్యి ఆడలేదు, కోసేశాక ఫర్వాలేదు. మీ నాన్నకి చెప్పకు.

నిద్ర సరిగ్గా పో. రాత్రిళ్ళు పెరుగన్నం మానకు. తాళం కప్ప వేరే పంపుతాను, ఇత్తడిది కనపడలేదు, కొత్తది కొంటాను.

ఇట్లు,
మీ పెద్దత్త

తా.క. దసరాకి వచ్చినప్పుడు సూట్‌కేసు తిన్నగా నట్టింట్లోకి తేకు. ఆదోని వెళ్ళొచ్చిన సూట్‌కేసది. గేటు దగ్గర మామయ్యకి ఇచ్చెయ్యి, మేడ మీద ఎండలో రెండు రోజులు తెరిచి పెడతారు. కట్టుకోవడానికి బట్టలు ఇక్కడ తీసి ఉంచాను. నువ్వు మాత్రం ఎండలో నిలబడకుండా లోపలికి వచ్చెయ్యి.